బావ కంప్యూటర్‌కి ఏ ఫైర్‌వాల్? ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం

హనుమకొండలో అక్కావాళ్లింట్లో ఉన్నది ఒకే డెస్క్‌టాప్. విండోస్ 11 హోమ్. పగలంతా బావ దాని ముందు కూర్చుని కిరాణా షాపులవి, ఎరువుల దుకాణాలవి ట్యాలీ లెక్కలు రాస్తాడు, జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాడు. సాయంత్రమైతే అది మా మేనకోడలు చిన్నిది. బీటెక్ పాఠాల వీడియోలు, అసైన్‌మెంట్లు, మధ్యలో ఆటలు. అక్క అప్పుడప్పుడు బ్యాంకు పని చూసుకుంటుంది. దీనికి మంచి ఫైర్‌వాల్, అంటే నెట్ మీద వచ్చేవాటినీ పోయేవాటినీ వడపోసే ప్రోగ్రాం, ఒకటి చూసి పెట్టమని బావ అడిగాడు.

అడగడానికి కారణం ఉంది. బావ లెక్కలు చూసే ఒక షాపాయనకి ఎవరో ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, కంప్యూటర్‌లో రిమోట్ యాప్ వేయించారు. స్క్రీన్ వాళ్ల అదుపులోకి పోయింది, ఖాతాలో డబ్బు పోయింది. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాడు. ఆ సంగతి విన్నప్పటి నుంచీ బావకి టెన్షన్. ఆ యంత్రంలో ఉన్నవి మన లెక్కలే కాదు, పదిమంది వ్యాపారులవి.

"ఫైర్‌వాల్ మంచిది ఉంటే ఆగేది గద బామ్మర్దీ?"

ఉన్నదున్నట్టు చెప్పాను. మామూలుగా నడిచే ఫైర్‌వాల్ దాన్ని ఆపదు. విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ మొదటి నుంచీ పెట్టుకున్న పద్ధతి ఇది: బయటి నుంచి పిలవకుండా వచ్చేదాన్ని ఆపు, లోపలి నుంచి బయటికి వెళ్లేదాన్ని వెళ్లనివ్వు. రిమోట్ యాప్ లోపలి నుంచే బయటి సర్వర్‌కి కనెక్షన్ పెట్టుకుంటుంది. మోసగాడు అటువైపు నుంచి అదే సర్వర్ దగ్గర కలుస్తాడు. ఫైర్‌వాల్ లెక్కలో అది బ్రౌజర్ తెరిచిన పేజీ లాంటిదే.

అందుకని ఏ కంపెనీది వేద్దాం అన్నది పక్కన పెట్టి, కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకున్నాం. బయటి నుంచి లోపలికి ఎవరెవరు రాగలుగుతున్నారు? లోపలి నుంచి ఏ ప్రోగ్రాం బయటికి వెళ్తోంది, మొదటిసారి వెళ్లేటప్పుడు మనకి తెలుస్తోందా? మూడోది నేను కలిపాను. ఫైర్‌వాల్ ఏదైనా అడిగితే, ఆ ప్రశ్న బావకి అర్థమై సమాధానం చెప్పగలిగేలా ఉండాలి. నా దృష్టిలో ఇంటి కంప్యూటర్‌కి ఈ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. అర్థంకాని ప్రశ్న పదేపదే వస్తే ఎవరైనా చదవకుండా 'అలౌ' నొక్కేస్తారు. అలా నొక్కడం అలవాటైపోతే ఆ ఫైర్‌వాల్ ఉన్నా లేనట్టే.

మధ్యాహ్నం, పాత సంగతులు

బావ 2003లో ఇంటర్నెట్ సెంటర్ నడిపాడు. ఆ ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ (నెట్ మీద తనంతట తానే పాకే వైరస్ లాంటిది) వచ్చినప్పటి అనుభవం ఆయనకి ఇంకా గుర్తుంది. ఎవరూ ఏదీ నొక్కలేదు, ఏ ఫైలూ తెరవలేదు. నెట్ కలిపితే చాలు, అరవై సెకన్లలో సిస్టం ఆగిపోతుందని కౌంట్‌డౌన్ వచ్చేది. పోర్టు అంటే నెట్ రాకపోకలకి నంబరుతో ఉండే తలుపు లాంటిది. 135 పోర్టు మీద వినే ఆర్‌పీసీ అనే విండోస్ సర్వీసులో ఉన్న లోపం గుండా అది లోపలికి దూరేది. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ముందు నెలలోనే ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. విండోస్ ఎక్స్‌పీలో 2001 నుంచే ఒక ఫైర్‌వాల్ ఉన్నా అది ఆఫ్‌లో ఉండేది. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే అది దానంతటదే ఆన్‌లో ఉండటం మొదలైంది.

"అప్పట్ల జోన్‌అలారం వేసుకున్నం. ఏది బయటికి వోతున్నా అడిగేది. గట్లాంటిదేదన్న ఉందా ఇప్పుడు?"

మంచి ప్రశ్న, ఎందుకంటే ఆయనకి కావాల్సింది అదే. అప్పటి ఎక్స్‌పీ ఫైర్‌వాల్‌కి బయటికి వెళ్లేదాన్ని పట్టించుకునే పనే లేదు. ఆ లోటు తీర్చడానికే జోన్‌అలారం లాంటివి పుట్టాయి. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టాతో పరిస్థితి మారింది. విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫాం అని ఒక పొర సిస్టంలోనే వచ్చింది, బయటికి వెళ్లేదాన్ని ఆపే నియమాలూ వచ్చాయి. ఇప్పుడు మనం చూసే చిన్న చిన్న ఫైర్‌వాల్ ప్రోగ్రాంలలో చాలావాటికి ఆధారం ఆ పొరే. కాబట్టి ఇప్పుడు ఎంచుకోవాల్సింది కొత్త గోడను కాదు. ఉన్న గోడని నడపడానికి ఎలాంటి పనిముట్టు కావాలో చూడాలి.

శనివారం సాయంత్రం, కొలతలు

ఏదైనా మార్చేముందు ఉన్న నియమాలన్నీ భద్రం చేశాను. అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ అని ఉండే ఫైర్‌వాల్ కిటికీ తెరిచి, 'ఎక్స్‌పోర్ట్ పాలసీ' నొక్కితే ఒక ఫైలు వస్తుంది. ఏది తేడా కొట్టినా ఆ ఫైలు ఇంపోర్ట్ చేస్తే పాత స్థితికి వచ్చేస్తుంది. ఈ పని చేయకుండా ఫైర్‌వాల్ ముట్టుకోవద్దని ఎవరికైనా చెప్తాను.

తర్వాత నా ల్యాప్‌టాప్ నుంచి, తెరిచి ఉన్న పోర్టుల్ని వెతికే ఎన్‌మ్యాప్‌తో డెస్క్‌టాప్‌ని స్కాన్ చేశాను. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. తెరిచి ఉన్నట్టు కనిపించిన పోర్టులు: 135, 139, 445, 5357, 7680, 9000. 135 ఇందాక చెప్పిన ఆర్‌పీసీది. 139, 445 ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే సర్వీసులవి. 5357 నెట్‌వర్క్‌లో పరికరాలను కనిపెట్టడానికి. 7680 విండోస్ అప్‌డేట్లను పక్క కంప్యూటర్లతో పంచుకోవడానికి. 9000 ట్యాలీది. వేరే సాఫ్ట్‌వేర్ ట్యాలీ నుంచి లెక్కలు తీసుకోవడానికి అది ఇచ్చే సౌకర్యం. కావాల్సినవాళ్లకి ఉపయోగమే, ఈ ఇంట్లో వాడేవాళ్లు లేరు.

445 చూడగానే 2017 మే నెలలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వార్మ్ గుర్తొస్తుంది. అది ఊళ్లూ దేశాలూ దాటింది ఈ పోర్టు మీద నడిచే ఫైల్ షేరింగ్ లోపం గుండానే. దానికీ మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. ఇప్పటి విండోస్‌లో ఆ లోపం లేదు నిజమే, కానీ అవసరం లేని సర్వీసు వైఫైలో ఉన్న ప్రతి ఫోనుకీ, టీవీకీ కనబడటం దేనికి?

ఆదివారం ఉదయం, పేరుకుపోయిన నియమాలు

ఇన్‌బౌండ్, అంటే బయటి నుంచి లోపలికి వచ్చేవాటి నియమాల జాబితా తెరిస్తే కిందికి జరుపుతూనే ఉండాల్సి వచ్చింది. చిన్ని ఎప్పుడో వేసుకున్న ఆటలు, వీడియో క్లాసుల యాప్‌లు, ఒక టొరెంట్ ప్రోగ్రాం, తీసేసిన ప్రింటర్ తాలూకు యుటిలిటీ. ప్రతిదానికీ ప్రైవేట్ (నమ్మే నెట్‌వర్క్), పబ్లిక్ (నమ్మని నెట్‌వర్క్) రెండు ప్రొఫైళ్లలోనూ అలౌ ఉంది.

"మామా, ఆ గేమ్ ఎప్పుడో తీసేసిన."

ప్రోగ్రాం పోయినా చాలాసార్లు నియమం పోదు. కొత్త ప్రోగ్రాం ఏదైనా పోర్టు తెరిచి వినడం మొదలుపెట్టగానే విండోస్ ఒక కిటికీ చూపించి అనుమతించాలా అని అడుగుతుంది. అడ్మిన్ ఖాతాలో అలౌ అంటే అనుమతి నియమం పడుతుంది, క్యాన్సిల్ అంటే అడ్డుకునే నియమం పడుతుంది. రెండూ జాబితాలో శాశ్వతంగా ఉండిపోతాయి. ఒకే ప్రోగ్రాంకి రెండూ ఉంటే అడ్డుకునేదే గెలుస్తుంది.

చిన్నికి కూర్చోబెట్టి చూపించిన విషయం ఇది. ఆ కిటికీ వచ్చినప్పుడు క్యాన్సిల్ నొక్కినా క్లాసు ఆగదు. వీడియో క్లాసులో కనెక్షన్ మన వైపు నుంచి మొదలవుతుంది. మన పిలుపుకి తిరిగొచ్చే సమాధానాన్ని ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకుని రానిస్తుంది, దానికి వేరే అనుమతి అక్కర్లేదు. ఇంట్లోనే పక్క కంప్యూటర్‌తో ఆట ఆడాలనుకున్నప్పుడో, మన యంత్రమే సర్వర్‌గా ఉండాలనుకున్నప్పుడో మాత్రమే ఆ అనుమతి పనికొస్తుంది. తనే ఒక నియమాన్ని అడ్డంకిగా మార్చి, క్లాసు యాప్ తెరిచి, పనిచేస్తోందని చూసుకుంది. ఆ తర్వాత జాబితాని తనే సగం శుభ్రం చేసింది.

నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ నుంచి పబ్లిక్‌కి మార్చాను. ఇంటి వైఫైకి ప్రైవేట్ ఉండాలని చాలామంది అంటారు. ఈ ఇంట్లో డెస్క్‌టాప్‌లోని ఫైళ్లు వేరే యంత్రం నుంచి తెరిచేవాళ్లు లేరు, కాబట్టి ఇంట్లో పరికరాలను కూడా నమ్మనక్కర్లేని ప్రొఫైలే దీనికి సరి. ప్రింటర్ సంగతి ఏమవుతుందని అక్క అడిగింది. రూటర్‌లో ప్రింటర్‌కి ఒకే ఐపీ అడ్రసు ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేసి, విండోస్‌లో ఆ అడ్రసుతోనే ప్రింటర్‌ని కలిపాను. ప్రింట్ అవుతోంది. ప్రింటర్ మీద బటన్ నొక్కి నేరుగా కంప్యూటర్‌కి స్కాన్ పంపడం మాత్రం ఆగింది. కంప్యూటర్ నుంచి స్కాన్ చేస్తే వస్తోంది. అక్కకి అది చాలు.

ట్యాలీలో కనెక్టివిటీ సెట్టింగుల్లోకి వెళ్లి క్లయింట్, సర్వర్ రెండు పాత్రలూ వద్దని పెట్టాను. మళ్లీ స్కాన్ చేస్తే ల్యాప్‌టాప్‌కి ఒక్క పోర్టూ కనిపించలేదు. అన్నీ 'ఫిల్టర్డ్' అనే వచ్చాయి, అంటే అటు నుంచి జవాబే లేదు.

ఇంత పనికీ కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ వేయలేదు. మొదటి ప్రశ్నకి విండోస్‌తో వచ్చిందే సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం, ఐపీవీ6

ఈ భాగం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో దీన్ని ఎవరూ పరీక్షించరు. నెట్‌లో పరికరాల అడ్రసులకి పాత పద్ధతి ఐపీవీ4, కొత్తది ఐపీవీ6.

రూటర్ పేజీలో బయటి వైపు ఐపీవీ4 అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య వరసలో ఉంది. అంటే కనెక్షన్ ఇచ్చే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసుని చాలా ఇళ్లకి పంచుతోంది. బయటివాడు ఐపీవీ4 మీద మన రూటర్ దాకా నేరుగా రాలేడు. దీన్ని చూసి నిశ్చింతగా ఉంటాం. కానీ అదే డెస్క్‌టాప్‌కి 2తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రసు కూడా ఉంది. అది ప్రపంచంలో ఎక్కడి నుంచైనా చేరగలిగే అడ్రసు. మధ్యలో అడ్రసు మార్చే నాట్ లేదు. రూటర్ ఆపకపోతే, ఆపాల్సింది కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ ఒక్కటే.

పరీక్ష ఇలా చేశాను. డెస్క్‌టాప్‌లో పైథాన్‌తో ఐపీవీ6 మీద చిన్న వెబ్ సర్వర్ ఒకటి, ఖాళీ ఫోల్డర్‌తో నడిపాను. దానికి మాత్రమే తాత్కాలికంగా ఫైర్‌వాల్‌లో అనుమతి ఇచ్చాను. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఆ ఐపీవీ6 అడ్రసుని చదరపు బ్రాకెట్లలో పెట్టి, పోర్టు నంబరు చేర్చి బ్రౌజర్‌లో కొట్టాను.

పేజీ తెరుచుకుంది.

అంటే ఈ రూటర్ ఐపీవీ6ని వడపోయకుండా పంపించేస్తోంది. దాని సెట్టింగుల్లో వెతికితే ఐపీవీ6 ఫైర్‌వాల్ అని ఒక బటన్ ఉంది, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే ఫోన్‌లో పేజీ రాలేదు. తాత్కాలిక నియమం తీసేశాను, సర్వర్ ఆపేశాను. రూటర్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద అచ్చయినదే ఉంటే అదీ మార్చాను.

ఐపీవీ6 మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నాకు నచ్చదు. రేపు రూటర్ మారితే, కంపెనీ మారితే ఆపేశామన్న నమ్మకం పోతుంది. రెండు చోట్లా ఫైర్‌వాల్ ఉండటం మేలు. ఐసీఎంపీవీ6 అనే ప్రోటోకాల్‌ని మొత్తంగా బ్లాక్ చేయడం కూడా వద్దు. పక్క పరికరాల్ని కనుక్కోవడానికీ, ప్యాకెట్ పెద్దదైతే తెలియజేయడానికీ ఐపీవీ6కి అది కావాలి.

ఆదివారం రాత్రి, బయటికి వెళ్లేవి

ఇప్పుడు రెండో ప్రశ్న, అంటే బావ అసలు భయం.

విండోస్ ఫైర్‌వాల్‌లోనే అవుట్‌బౌండ్‌ని, అంటే బయటికి వెళ్లేదాన్ని, 'బ్లాక్' అని పెట్టొచ్చు. కానీ అది బయటికి వెళ్లేదాన్ని ఆపినప్పుడు తెరమీద ఏమీ చెప్పదు. పేజీ రాదు, అప్‌డేట్ కాదు, ఎందుకో తెలియదు. దానికి ముఖంలాంటి ఒక ప్రోగ్రాం కావాలి. నేను చూసినవి ఇవి.

గ్లాస్‌వైర్ గ్రాఫ్ అందంగా చూపిస్తుంది. ఏ ప్రోగ్రాం ఎంత డేటా పంపిందో చూడాలంటే దాన్ని మించింది కనబడలేదు. ఆపే పని మాత్రం విండోస్ ఫైర్‌వాల్ ద్వారానే చేస్తుంది.

టైనీవాల్ కిటికీలు చూపించదు. మనం అనుమతించనిదాన్ని నిశ్శబ్దంగా ఆపుతుంది, ఫలానా ప్రోగ్రాంని రానివ్వమని మనమే వెళ్లి చెప్పాలి. ఒంటరిగా కంప్యూటర్ వాడే, విషయం తెలిసిన మనిషికి హాయిగా ఉంటుంది. ఇక్కడ కుదరదు. ఏదైనా ఆగితే బావకి ఫైర్‌వాల్ ఆపిందనే తట్టదు, నెట్ పోయిందనుకుంటాడు.

సింపుల్‌వాల్ ఓపెన్ సోర్స్, చాలా చిన్నది. విండోస్ ఫైర్‌వాల్‌తో పనిలేకుండా ఆ ఫిల్టరింగ్ పొరతో నేరుగా మాట్లాడుతుంది. నా ల్యాప్‌టాప్‌కి నాకిష్టం. ఇక్కడ మాత్రం పొద్దున్నంతా శుభ్రం చేసిన విండోస్ నియమాలు ఒకపక్క, దీని నియమాలు ఒకపక్క రెండు లెక్కలవుతాయి. ఏదైనా ఆగితే ఫోన్‌లో అక్కకి ఏ జాబితా చూడమని చెప్పాలి?

కొమోడోలో తెలియని ప్రోగ్రాంని విడిగా బంధించి నడిపే సౌకర్యం ఉంది. బలమైనదే, కానీ అది అడిగే ప్రశ్నలు ఈ ఇంటికి బరువు.

విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్. బినీసాఫ్ట్ వాళ్లు చేసింది, 2018లో మాల్‌వేర్‌బైట్స్ తీసుకుంది, ఉచితం. ఇది సొంతంగా ఏదీ వడపోయదు. విండోస్ ఫైర్‌వాల్‌నే నడుపుతుంది, బయటికి వెళ్లే కొత్త ప్రోగ్రాంని ఆపినప్పుడు కిటికీ చూపిస్తుంది. నియమాల జాబితా ఒకటే. ఇంకొకటి నన్ను ఒప్పించింది: 'సెక్యూర్ రూల్స్'. అడ్మిన్ హక్కులు దొరికిన ఏ ప్రోగ్రాం అయినా విండోస్ ఫైర్‌వాల్‌లో తనకి తాను అనుమతి రాసుకోగలదు. ఇన్‌స్టాలర్లు రోజూ చేసే పనే అది. సెక్యూర్ రూల్స్ ఆన్‌లో ఉంటే అలా బయటి నుంచి వచ్చిపడిన నియమాన్ని పనిచేయకుండా చేస్తుంది. చిన్ని శుభ్రం చేసిన జాబితా మళ్లీ నిండిపోకుండా ఉంటుంది.

దీన్నే ఖాయం చేశాను. ప్రొఫైల్ 'మీడియం ఫిల్టరింగ్': నియమం లేని ప్రోగ్రాం బయటికి వెళ్లదు.

సోమవారం నుంచి, నేర్పే దశ

దానితో వచ్చే సిఫార్సు నియమాలు వేసుకున్నాను, ముఖ్యంగా ఎస్‌వీసీహోస్ట్ కోసం. ఒకే పేరు కింద విండోస్ ఎన్నో సర్వీసుల్ని నడుపుతుంది. దాన్ని గుడ్డిగా ఆపితే 53 పోర్టు మీద వెళ్లే డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రసు కనుక్కునేది) ఆగి, ఏ సైటూ తెరుచుకోదు. 123 మీద గడియారం సరిచేసుకోవడం ఆగుతుంది, అప్‌డేట్లూ ఆగుతాయి.

మొదట 'లెర్నింగ్ మోడ్' పెట్టాను. తయారుచేసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రాంలకి అది అడగకుండానే అనుమతి ఇస్తుంది, లేనివాటికే కిటికీ చూపిస్తుంది. బావ తన పనులన్నీ చేశాడు: ట్యాలీ, బ్రౌజర్లు, ఆదాయపు పన్ను సైటు, జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం. ఆ సంతకం చేసే యుటిలిటీ యంత్రం లోపలే ఒక పోర్టు తెరిచి 127.0.0.1 అడ్రసు మీద బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. అది బయటికి పోయే రాకపోక కాదు, విండోస్ ఫైర్‌వాల్ దానికి అడ్డుపడదు. బావ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పెట్టి చూశాం, సంతకం పడింది.

కానీ లెర్నింగ్ మోడ్‌ని అలాగే వదిలేయకూడదు. మోసగాళ్లు వేయించే రిమోట్ యాప్‌లు దొంగ ప్రోగ్రాంలు కావు. పేరున్న కంపెనీలవే, సంతకం సరిగ్గానే ఉంటుంది. ఈ మోడ్‌లో అవి చప్పుడు లేకుండా బయటికి వెళ్లిపోతాయి. మనం ఏ ప్రమాదం కోసం ఇదంతా మొదలుపెట్టామో సరిగ్గా అదే దాటిపోతుంది. అందుకే ఇంట్లో వాడేవన్నీ ఒకసారి తెరిచి, నియమాలు పడ్డాయని చూసుకున్నాక, ప్రతి కొత్త ప్రోగ్రాంకీ కిటికీ చూపించేలా మార్చాను.

మార్చాక అసలు పరీక్ష. ఒక రిమోట్ యాప్ దించి బావ చేతే నడిపించాను. ప్రోగ్రాం తెరుచుకుంది, కానీ సర్వర్‌కి కలవలేదు. మూలన కిటికీ వచ్చింది: ప్రోగ్రాం పేరు, అది వెళ్లాలనుకున్న అడ్రసు, పోర్టు.

"ఇది నేను పెట్టింది కాదంటే బ్లాక్ కొట్టుడేనా?"

అంతే. ఇంకో మాట కూడా చెప్పాను. ఫోన్‌లో ఎవరో చెప్తుంటే ఆ కిటికీ వచ్చిందంటే, ముందు ఫోన్ పెట్టేయాలి, తర్వాత నాకో చిన్నికో చేయాలి. ఆ కిటికీలో అలౌ నొక్కమని కూడా మోసగాడే చెప్తాడు. అందుకే బావ రోజువారీ ఖాతాని స్టాండర్డ్ ఖాతాగా మార్చి, ఫైర్‌వాల్ సెట్టింగులకి పాస్‌వర్డ్ పెట్టాం. అది అక్క దగ్గర ఉంటుంది.

వారం తర్వాత, ఫోన్‌లో

స్టోర్ నుంచి దించుకున్న ఒక యాప్ అప్‌డేట్ అయ్యాక మళ్లీ కిటికీ వచ్చిందని చిన్ని చెప్పింది. ఆ యాప్‌ల ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబరు ఉంటుంది. నియమం పాత దారికి రాసి ఉంది, విండోస్ ఫైర్‌వాల్‌కి దారి అక్షరం తేడా లేకుండా కావాలి. నియమం ప్రాపర్టీస్‌లో 'అప్లికేషన్ ప్యాకేజెస్' అని ఉన్నచోట ఆ యాప్ ప్యాకేజీని ఎంచితే వెర్షన్‌తో సంబంధం ఉండదు. ఫోన్‌లో చెప్తుంటే తనే చేసింది. స్టోర్‌తో సంబంధం లేకుండా యూజర్ ఫోల్డర్‌లో వెర్షన్ పేరుతో కూర్చునే ప్రోగ్రాంలకి మాత్రం అప్‌డేట్ అయినప్పుడల్లా కొత్త నియమం తప్పదు. అలాంటివి ఈ ఇంట్లో తక్కువ.

ఫైర్‌వాల్ ఆపినవాటిని ఫైలులో రాసిపెట్టే లాగింగ్ కూడా ఆన్ చేసి, ఫైలు పరిమాణం 4,096 కేబీ నుంచి 32,767కి పెంచాను. ఆపిన ప్యాకెట్ల జాబితా చూసి చిన్ని భయపడింది. వరసగా వందల లైన్లు. అడ్రసులు చూస్తే అన్నీ ఇంట్లోవే. టీవీ 1900 మీద, ఫోన్లు 5353 మీద ఒకదాన్నొకటి వెతుక్కుంటున్న అలికిడి. ఇలాంటి వాటినే కొన్ని ప్రోగ్రాంలు 'దాడిని అడ్డుకున్నాం' అని ఎర్రరంగులో చూపించి జనాన్ని బెదరగొడతాయి. ఇంటి నెట్‌వర్క్ మామూలుగా చేసే శబ్దం అది.

21వ తేదీ

20వ తేదీ జీఎస్టీ 3బీ రిటర్న్ గడువు అయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దని అనుకున్నాం, ముట్టుకోలేదు. అన్ని రిటర్న్‌లూ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండగానే వెళ్లాయి. ఇప్పుడున్న నియమాలని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయించి, ట్యాలీ బ్యాకప్ ఉండే పెన్‌డ్రైవ్‌లో వేయించాను.

మిగిలిన పనులు: చిన్ని ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక హాస్టల్ వైఫైకి తగ్గట్టు దానికి వేరే అమరిక. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఈఆర్‌టీ-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటు నుంచి ఉచిత బాట్ రిమూవల్ టూల్ దించి డెస్క్‌టాప్‌ని ఒకసారి స్కాన్ చేయాలి. ఆ డబ్బు పోయిన షాపాయన కంప్యూటర్ కూడా చూడమని బావ అడిగాడు. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్తున్నాం. ముందు ఆ రిమోట్ యాప్ ఇంకా ఉందేమో చూసి తీసేయాలి, తర్వాతే నియమాల సంగతి.